ఇద్దరిలో గంగయ్య ఎవరు

"ఆ పెన్ను కింద పెట్టండి" అన్నాడు సతీష్.

కౌంటరు అవతలి అమ్మాయి పెట్టలేదు. ఎడమచేతిలో పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో, కుడిచేతిలో బాల్ పెన్ను. ఫొటో వెనక ఏదో రాయబోతోంది.

"ఫొటో మాది, పెన్ను నాది. నడుమల మీకేంది?"

"బాల్ పెన్నుతో ఒత్తి రాస్తే గీతలు ముందుకు తేల్తయండి. మీవాళ్ళ ముఖం మీద మీ చేతిరాత పడుతది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయాలె."

పెన్సిల్ ఇచ్చాడు. తీసుకుంది గానీ థాంక్స్ మాత్రం చెప్పలేదు. పేరు ప్రమీల. ఊరు దుమ్ముగూడెం రోడ్డు మీద.

భద్రాచలంలో సతీష్ స్టూడియోకి కొన్నాళ్ళుగా పెళ్ళి ఆర్డర్ల కంటే తడిసిన ఫొటోలే ఎక్కువ. గోదావరి వరద మూడో ప్రమాద హెచ్చరిక దాటిన ఏడాది ఆ వైపు ఊళ్ళలో ఎన్ని ట్రంకుపెట్టెలు మునిగాయో లెక్కే లేదు. ప్రమీల వాళ్ళ ఆల్బం మొత్తం ఒక ముద్దయింది. దాన్ని మంచినీళ్ళలో నానబెట్టి, ఒక్కో ఫొటో ఊడదీసి, నీడన ఆరబెట్టి, స్కాన్ చేసి, ఎవరెవరో కనుక్కొని పేర్లు రాయించాలి. నాలుగు రోజుల పని.

మనవాడు దాన్ని నెల రోజులు లాగాడు.

ఎందుకంటే ఏం చెప్తాం. రోజుకో ఫోన్. "ఇందుల గళ్ళచీర ఆమె ఎవరు?" ప్రమీల బస్సెక్కి వచ్చేది, మేనత్త అని చెప్పి పెన్సిల్‌తో రాసేది. వారం తిరక్కుండానే మీరు కాస్తా నువ్వయింది. "సతీష్, ఇంకెన్ని ఉన్నయి? సతీష్, నీకు నిజంగ పని వచ్చా?" మాటకోసారి పేరు. ఆ పేరు వినబడినప్పుడల్లా అతను ఫొటోని స్కానర్ మీద తలకిందులుగా పెట్టేవాడు.

గురువారం నాడు వచ్చి నిలబడే చెప్పింది. "స్టాఫ్ నర్సు పోస్టింగ్ వచ్చింది. ఆదిలాబాద్. సోమవారం జాయినింగ్."

సతీష్ స్కానర్ మూత తెరిచి మళ్ళీ మూశాడు. "మంచిదే కదా" అన్నాడు, ఏమాత్రం మంచిగా లేని గొంతుతో.

"ఈలోపు మా తాత ఫొటో పెద్దగ చేసి ఫ్రేము కట్టియ్యి. గోడకు పెట్టే పోత."

తాత పేరు గంగయ్య. ప్రమీల నాయన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడే ఆయన పోయాడు, ఆ మరుసటేడే ఆయన అన్న కూడా పోయాడు. ఆల్బంలో మిగిలింది అన్నదమ్ములు కలిసి దిగిన ఫొటో ఒక్కటే. ఇద్దరిలో గంగయ్య ఎవరో తెలిసిన మనిషి ఇప్పుడు నాయనమ్మ సైదమ్మ ఒక్కతే.

"అడిగితే చెప్పదా?"

"పెనిమిటి పేరు పలకదు, వేలు పెట్టి చూపియ్యదు. అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటది. గట్టిగ అడిగితే, ఇద్దరిల అందగాడు ఎవరో గాయినే అన్నది." ప్రమీల మూతి తిప్పింది. "నేనైతే గట్లుండ. మొగుణ్ని పదిమందిల పేరు పెట్టే పిలుస్త."

అందగాడెవరో తెలుస్తూనే ఉంది. కోరమీసం, ఉంగరాల జుట్టు, ఆరడుగుల మనిషి. పక్కనున్నాయన బక్కపలచన, చేటంత చెవులు. ఇద్దరూ ఒక్క మాట మీద మీసాలాయన్నే ఖాయం చేశారు.

ఆదివారం వాన. సతీష్ ఫ్రేముకి కవరు చుట్టి బండెక్కాడు. దారి పొడుగునా ఒకటే ప్రాక్టీసు: ప్రమీలా, నువ్వంటే నాకిష్టం. తీరా గేటు దగ్గర ఆమె కనబడేసరికి "ఫ్రేము తడవలేదు" అన్నాడు.

"నువ్వు తడిసినవ్ గద" అని తువ్వాలు ఇచ్చింది.

రేపీపాటికి ఈమె ఆదిలాబాద్‌లో ఉంటుంది. ఇంకో ఫొటో లేదు, ఇంకో సాకు లేదు. తుడిచిన తలనే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

సతీష్ కవరు విప్పి, అందులోని పాత ఫొటో ప్రమీలకిచ్చి, ఫ్రేము గోడకి ఆనించాడు. మంచం మీద కూర్చున్న సైదమ్మ కళ్ళు చికిలించి చూసింది. చటుక్కున లేచి, కొంగు తలమీదికి లాక్కొని, తలుపు చాటుకి పోయి నిలబడింది.

"ఏమైందే నాయనమ్మా?"

"మా బావగారి ముందల మంచం మీద కూసుంటరానే?" తలుపు వెనక నుంచి గొంతు. "ఫొటో మంచిగనే ఉన్నది. జల్దీ తియ్యుండ్రి."

ప్రమీల సతీష్‌ని చూసింది. ఇంక నవ్వు ఆగలేదు ఇద్దరికీ.

"అందగాడన్నవ్ గదనే?"

"అవ్. పక్కనున్నాయన అందగాడు గాదా?" సైదమ్మకి కోపమొచ్చింది. "ఆ పాత ఫొటోల చెవులు సూడుండ్రి. చేను ఈ చివరన నేను మెల్లగ దగ్గితే చాలు, ఆ చివరన ఉన్నాయనకు ఇనబడేది."

నవ్వు ఆగిపోయింది. సతీష్ మీసాలాయన్ని గోడవైపు తిప్పేశాడు. "తప్పు నాదేనమ్మా. ఆయన్నే పెద్దగ చేసి తెస్త."

సైదమ్మ తలుపు చాటు నుంచి వచ్చింది. "పిల్లగాడు పాపం తడిసి ముద్దయిండు. ఎవరే? పేరేంది?"

నెల రోజుల్లో ఆ పేరు వెయ్యిసార్లు పలికిన మనిషి. ప్రమీల నోరు తెరిచింది. సతీష్‌ని చూసింది.

"స్టూడియో ఆయన" అంది చివరికి, నేల చూస్తూ.

"గది తెలుస్తనే ఉన్నది. పేరు?"

ప్రమీల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

దారంతా సతీష్ ప్రాక్టీసు చేసిన మాట దానంతటదే బయటికొచ్చేసింది, ముసలామె ముందే. "ప్రమీలా, నువ్వంటే నాకిష్టం."

సైదమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆదిలాబాద్‌కు బస్సులున్నయా బిడ్డా?"

"ఉన్నయమ్మా."

"ఇగ బాధేంది? ముందు ఆయన ఫొటో తే. దీని నాయనతోటి నేను మాట్లాడత."

ప్రమీల పాత ఫొటో తిరగేసి, పెన్సిల్‌తో అంచున మెల్లగా రాసింది. గంగయ్య, చెవులాయన.

చాయ్ తాగి సతీష్ బయల్దేరాడు. వాన మళ్ళీ అందుకుంది. బండి స్టార్ట్ చేసి గేటు దాటాడో లేదో, వెనక గడపలో ఎవరో మెల్లగా దగ్గారు.

సతీష్ బండి ఆపేశాడు.