కోళ్ల షెడ్డులో కోడ్

"దివాకర్, సరిహద్దు రేడియోలోంచి ఒక చిప్పు మాయమై ఇబ్రహీంపట్నంలో తేలింది. దాని లోపలి కీ, అంటే రహస్య సంకేతం, దొరికితే మన జవాన్ల ప్రతి మాటా శత్రువు చెవిలో పడుతుంది. చిప్పు తెస్తావో, ఆ కీనే చంపుతావో నీ ఇష్టం. లేదంటే మన చేతికి చిప్పే!"

చీఫ్ ప్రభుదాస్ బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ దివాకర్ వేషం బోరు మెకానిక్. పని మాత్రం బోరు కొట్టదు.

మూడో రోజు మధ్యాహ్నానికి మంచాల రోడ్డు పక్క పాత షెడ్డులో ఇనుప స్తంభానికి బందీ అయ్యాడు. ఒకప్పుడు కోళ్లు పొదిగిన చోట ఇప్పుడు కోడ్‌లు పొదుగుతున్నారు. గూఢచారి గూట్లో పడ్డాడు! రేకుల కింద గాలి లేదు. ఉన్నది ఒకటే తలుపు, దానికి లోపల తాళం. అతన్ని కట్టింది స్టెల్లా. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. నిన్నటిదాకా అతని డిపార్ట్‌మెంటే.

"ముడి గట్టిగనే ఏసినవ్."

"నోరు గూడ కట్టాల్నా?"

బల్ల దగ్గర విదేశీ ముఠా నాయకుడు విక్టర్. ఆ చిప్పు ప్రతి లెక్కనూ రెండుసార్లు చేస్తుంది. జవాబులు కలవకపోతే ఎవరో కెలుకుతున్నారని పసిగట్టి కీని తానే చెరిపేస్తుంది. విక్టర్ మెషీన్ రెండు లెక్కల్లోనూ సరిగ్గా ఒకే చోట కరెంటు పోటు పొడుస్తోంది. రెండూ తప్పే, రెండూ ఒకటే తప్పు! చిప్పు మోసపోతోంది. అలాంటి తప్పులు పది పోగైతే కీ బయటపడుతుంది. తొమ్మిదయ్యాయి.

"పదోది కాగానే వీణ్ణి కాల్చెయ్," అన్నాడు విక్టర్, స్టెల్లాతో ఇంగ్లీషులో.

తలుపు దబదబ మోగింది.

"మెకానిక్ తమ్మీ! నీ బండి ఈడనే ఉంది, లోపలున్నవా? మోటర్ మల్ల గుర్రుమంటంది!"

పక్క చేను సిద్దమ్మ. నిన్న ఆమె మోటరు బాగుచేసింది అతనే.

విక్టర్ అతని కణతకు తుపాకీ ఆనించాడు. "పంపించెయ్."

విక్టర్‌కు తెలుగు రాదు. అనువాదం స్టెల్లా చేతిలో, దివాకర్ ప్రాణం అనువాదం చేతిలో.

"సిద్దమ్మక్కా! ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోయి స్విచ్ గుంజు. జరసేపాగి మల్ల ఎయ్యి."

"అందరి మోటర్లు ఆగుతయ్ గదా, తిడ్తరు!"

"నా పేరు చెప్పు."

"అట్లయితే తిట్లన్నీ నీకే!"

"ఏమన్నాడు? స్విచ్ ఏమిటి?" అడిగాడు విక్టర్.

స్టెల్లా లిప్‌స్టిక్ సవరించుకుంది. "ఆమె మోటరు స్విచ్ పాడైందట. రేపు రమ్మన్నాడు."

దివాకర్ విక్టర్ బల్ల మీది ఫ్యాన్ వైపు చూశాడు.

కాసేపటికి ఫ్యాన్ ఆగింది. విక్టర్ తిట్టాడు. ఫ్యాన్ మళ్లీ తిరిగింది. విక్టర్ పదోసారి బటన్ నొక్కాడు.

ఆ కరెంటు ఎక్కడిది? మీటరు పెడితే జాడ తెలుస్తుందని పొలాల తీగకు కొక్కెం తగిలించుకున్నారు. ఆ తీగ మీద పద్నాలుగు బోర్లు. ప్రతిదానికీ ఆటో స్టార్టర్. కరెంటు వచ్చిన కొద్దిసేపటికి మనిషి అవసరం లేకుండానే మోటరు లేస్తుంది. లేచాయి, పద్నాలుగూ ఒక్కసారే!

వోల్టేజీ దిగజారుతుంటే బల్బు కుంగి ఎర్రబడింది. మెషీన్ మొదటి పోటు బలంగా, రెండోది నీరసంగా పడింది. జవాబులు కలవలేదు. చిప్పు తన కీని తానే మింగేసింది. తెర నిండా సున్నాలు!

విక్టర్ తుపాకీ తిప్పేలోపు అతని మెడకు స్టెల్లా పిస్టల్ తగిలింది.

"మన దిక్కే ఉన్ననని ముందుగాల చెప్పొద్దా!" అన్నాడు దివాకర్.

"చెప్తే నీ మొఖంల కనబడుతుండె."

గూఢచర్యం కేసు ఎవరు రాయాలో ఢిల్లీ, హైదరాబాద్ ఇంకా ఫోన్లలో తేల్చుకుంటుండగానే, లైన్‌మన్ భిక్షం వచ్చి విక్టర్ మీద కరెంటు దొంగతనం రాసుకుని పోయాడు.