ఎడమ నుంచి మూడోది

"ఈ దిక్కుమాలిన మార్పు సేసినోడెవడో నా ఎదరకి రమ్మనండి!"

గుణశేఖర్ కంప్యూటర్ మీద చెయ్యెత్తి మరీ అరిచాడు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కిటికీ బయట పదకొండు లారీలు పోర్టు గేటు పాసుల కోసం వరసకట్టి ఉన్నాయి. శనివారం దాకా బుద్ధిగా ఉన్న స్క్రీను సోమవారానికల్లా మారిపోయింది. మనం ఊళ్ళో లేనప్పుడు ఎవరో వచ్చి ఇంట్లో సామానంతా జరిపేసి పోయినట్టుంది.

"ఎదర కాదండీ, వెనకే ఉన్నాను."

తిరిగి చూశాడు. తడి గొడుగు, మెడలో కంపెనీ కార్డు, నవ్వు ఆపుకుంటున్న మొహం.

"నా పేరు నీలిమ. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చాను. శనివారం దాకా మీకు ట్రైనింగ్."

"పాతదానికేటి రోగమొచ్చింది మేడమ్?"

"కొత్తది యూజర్ ఫ్రెండ్లీ అండీ."

"ఎవడికి ఫ్రెండు? బయట హారన్లు కొడతన్నోళ్ళకా?"

ఆమె పకపకా నవ్వేసింది. గుణశేఖర్‌కి ఒళ్ళు మండింది. ఆ నవ్వు బాగుందనిపించినందుకు ఇంకాస్త మండింది.

అతనిది సబ్బవరం అవతల ఒక పల్లె. ఏడో క్లాసుతో బడి మానేసి లారీ క్లీనర్‌గా చేరాడు. ఇంగ్లీషు అక్షరాలు నంబరు ప్లేట్ల మీద నేర్చుకున్నవే. విడివిడిగా అన్నీ తెలుసు, కలిపితే మాట అవదు. ఇంతకు ముందున్న గుమస్తా చలమయ్య ఈ కుర్చీ అప్పగిస్తూ, "ఎడమ నుంచి మూడోది నొక్కు. అందులో కిందకి అయిదోది నొక్కు. ఏదైనా అడిగితే ఎడమ పక్కది నొక్కు. అంతే రా అబ్బాయ్" అన్నాడు. ఆ మూడు ముక్కలతో తొమ్మిదేళ్ళు ఒక్క తప్పు లేకుండా పాసులు తీశాడు. ఒకప్పుడు మసిగుడ్డ మొహాన విసిరిన డ్రైవర్లే ఇప్పుడు "గుణ గారూ" అంటున్నారు. ఓనరు భీమశంకరరావు అతన్ని టెన్త్ పాసనుకుంటున్నాడు. సంగతి తెలిసిన రోజున కుర్చీ ఉండదు.

రెండు రోజులు నీలిమ చెప్పినదానికల్లా తలూపాడు. మూడో రోజు వాన ఊపేస్తోంది. ఆమె టీకి వెళ్ళిన అయిదు నిమిషాల్లో అతని చెయ్యి పాత దారిన పోయింది. మూడోది, అయిదోది. స్క్రీను ఏదో అడిగింది. ఎడమ పక్కది నొక్కాడు.

కొత్త స్క్రీనులో ఆ చోట ఉన్నది రద్దు మీట. పొద్దుటి నుంచి తీసిన పాసులన్నీ రద్దయిపోయాయి.

గేటు దగ్గర లారీలు ఆగిపోయాయి. డ్రైవర్లు తడుస్తూ వచ్చి మీద పడ్డారు. భీమశంకరరావు లోపల్నుంచి ఊడిపడ్డాడు. "ఎవడ్రా ఈ పని సేసింది?"

"మా తప్పే సార్. సాఫ్ట్‌వేర్‌లో లోపం" అంది నీలిమ, చేతిలో టీ గ్లాసులతో.

అంతా సర్దుకున్నాక గుణశేఖర్ అడిగాడు. "అబద్ధమెందుకు సెప్పారు?"

"మీ కళ్ళు అక్షరాల మీద ఆగవు. చెయ్యి ఒక్కటే వెళ్తుంది. మొదటి రోజే చూశాను."

అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎవరికైనా..."

"చెప్పను. ముందు ఇది చూడండి. ఇది ఏ అక్షరం?"

"పి. ఏపీ బండ్ల మీద రెండోది."

"ఇది?"

"ఆర్. ఒరిస్సా పాత బండ్ల మీద రెండోది."

అలా లారీల మీదుగా 'ప్రింట్' అనే మాట దాకా వచ్చారు.

"మీకు లారీలు తప్ప ఇంకేం గుర్తుండవా?"

"ఎందుకుండవు? సోమవారం మీరు ఆకుపచ్చ చుడీదార్."

నీలిమ చప్పున తల వంచుకుని కీబోర్డు తుడవడం మొదలెట్టింది. దాని మీద దుమ్మేం లేదు.

ఆమె వెళ్ళిపోయిన మూడో రోజున భీమశంకరరావు ఒక కాగితం తెచ్చి బల్ల మీద కొట్టాడు. మెనూలు తెలుగులో కావాలని నీలిమ తన కంపెనీకి రాసింది. కారణం కూడా రాసింది, పాసులు తీసే గుణశేఖర్‌కి ఇంగ్లీషు చదవడం రాదని. ఓనరుగా మీ మాటేమిటని వాళ్ళు దాన్ని ఇక్కడికి పంపారు.

"తొమ్మిదేళ్ళు నన్ను ఎర్రోణ్ణి సేసావు గదరా!"

మధ్యాహ్నానికి ఓనరు బావమరిది కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. వాడికి ఇంగ్లీషు వచ్చు. ఒక్క పాసుకి అరగంట పడుతుంది. గుణశేఖర్ లారీ యార్డులో లోడ్ల మీద టార్పాలిన్లు కడుతున్నాడు.

విషయం తెలిసి నీలిమ యార్డుకి పరిగెత్తుకొచ్చింది. లోడ్ల నుంచి రాలిన ఇనప ఖనిజం పొడి చెప్పుల నిండా పడింది.

"కంపెనీ లోపలే ఉంటుందనుకున్నాను. ఇక్కడికి పంపుతారనుకోలేదు. మీ మంచికే రాశాను."

"మంచికే మేడమ్. మెనూ మార్సిందీ మా మంచికే. మీకు మా మంచి తెలుస్తాది గానీ, మమ్మల్నడగాలని మాత్రం తెలీదు."

"ఇష్టంతో రాశాను. నువ్వంటే ఇష్టంతో!"

అతని చేతిలో తాడు ఆగింది. "ఇష్టమైతే ముందు నాకు సదివి ఇనిపించాల."

ఆమె ఫోను తీసి ఆ ఉత్తరం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. 'చదవడం రాదు' అన్న చోట ఆగి ఫోను దించేసింది.

"ఆగకు. ఊరంతా సదివేసింది. నానొక్కణ్ణే మిగిలాను."

చదివింది. "తొమ్మిదేళ్ళలో ఆయన ఒక్క పాసు కూడా తప్పుగా తీయలేదు. తప్పు మన కొత్త స్క్రీను వచ్చాకే జరిగింది. మనం మారిస్తే నష్టపోయింది ఆయన."

గుణశేఖర్ ఫోను వైపు వంగి చూశాడు. "ఈ ముక్క ఓనరు సదవలేదా?"

"రెండో పేజీలో ఉంది."

నవ్వొచ్చింది అతనికి. ఏడుపు లాంటి నవ్వు.

"కోపం పోలేదా?" అంది.

"పోలేదు. ఇష్టం కూడా పోలేదు. రెండూ ఒక్క మనిషి మీదే వచ్చి సచ్చాయి, ఏటి సెయ్యను?"

నీలిమ కళ్ళు తుడుచుకుని, వేలాడుతున్న తాడు రెండో కొస పట్టుకుంది. లాగబోయి ఆగింది.

"ఎటు లాగమంటావ్?"

"అద్గదీ" అన్నాడు గుణశేఖర్. "ఇలా ముందడగాల."