బోర్లించిన కొబ్బరిచిప్ప

"మళ్ళీ బోర్లించారా?"

గుంజల మీద కట్టిన ఇంటి మెట్ల కింద, కాళ్లు కడుక్కునే బాన దగ్గర నిలబడి అడిగింది ఐనల్. బాన మూత మీద కొబ్బరిచిప్ప బోర్లా ఉంది.

"చిప్పే కదా," అన్నాడు హాజీ వదూద్.

"చిప్పకి కొక్కెం ఉంది హాజీ గారూ. మా అమ్మమ్మ నాటి నుంచీ ఉంది. అన్ని కితాబులు చదివిన కళ్లకి ఇంత కొక్కెం ఆనదా?"

చిప్పను కొక్కేనికి తగిలించి ఆమె వంటకి వెళ్లింది. వదూద్‌కి నవ్వు రాలేదు. అతను చేసింది రిహార్సల్.

బటావియాలోని డచ్చి ప్రభుత్వ ఆఫీసు ఫైళ్లలో అతను ఏజెంట్ నెలవంక. కన్నవారు పెట్టిన డచ్చి పేరు హెండ్రిక్ వెల్టూయిస్. లైడెన్‌లో అరబీ చదివి, మక్కాలో ఏడాది ఉండి, రెండేళ్ల కిందట ఈ అచే సీమకి చేరాడు. ఐనల్‌తో నికా చేసుకుని ఆమె ఇంట్లోనే ఉంటున్నాడు. ఊరికి అతను హాజీ వదూద్, తెంగ్కు ముహిబ్ శిష్యుడు. డచ్చి సేనతో ఇరవై ఏళ్లుగా పోరాడుతున్నవాళ్లకి ఆ ముసలి గురువు మాటే శాసనం. ఆయన ఎవరిని కలిశాడో, ఎక్కడ పడుకున్నాడో వదూద్ నిమ్మరసంతో రాసి పంపేవాడు.

నిన్న ఆర్డర్ వచ్చింది. "ప్రవక్త పుట్టినరోజున మీ ఇంట్లో జరిగే మౌలిద్ విందుకి ముహిబ్ వస్తాడు. మావాళ్లెవరూ అతని ముఖం ఎరగరు. లోపల ఉంటే చిప్ప బోర్లించు. మధ్యాహ్నం జుహర్ అజాన్ మొదలవగానే మా ఉప్పువాడు బాన వైపు చూసి, చిప్ప బోర్లా ఉంటే సైనికులకి ఈల వేస్తాడు. అరెస్టు మాత్రమే."

పోయినేడు ఇంకో గురువు విషయంలోనూ 'అరెస్టు మాత్రమే' అనే రాశారు. ఆయన దారిలో పారిపోబోయి తూటా తగిలి పోయాడట. ఆయన కాళ్ల వాపుతో నడవలేడని రిపోర్ట్ పంపింది వదూదే.

ఎండ నడినెత్తికి వస్తుండగా అతిథులు వచ్చారు. అందరిలాగే తెంగ్కు కూడా కాళ్లు కడుక్కుని మెట్లెక్కాడు. వదూద్ చిప్ప బోర్లించి వెనకాలే వెళ్లాడు.

"ఇలా నా కుడిపక్కన కూర్చో నాయనా." తెంగ్కు చంకలోని మూట విప్పాడు. "నువ్వడిగిన కితాబు. చేయి వణుకుతోంది కదా, రాయడానికి ఏడాది పట్టింది. తప్పులుంటే దిద్దుకో."

వదూద్ ఆ పుస్తకం పట్టుకోలేకపోయాడు. "ఇప్పుడే వస్తా తెంగ్కు," అని మెట్ల మీద దాదాపు దొర్లుకుంటూ దిగాడు.

బాన పక్కన ఐనల్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వీధి అవతల ఉప్పువాడు తట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. మసీదులో ఎవరో గొంతు సవరించుకున్నారు. వదూద్ చిప్ప తీసి కొక్కేనికి తగిలించాడు. చిప్ప ఇంకా ఊగుతుండగానే అజాన్ మొదలైంది.

ఉప్పువాడు బానని చూశాడు, వదూద్‌ని చూశాడు. విసురుగా తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఆ ఉప్పువాడి చూపంతా చిప్ప మీదే ఉంది. మీరు తీయకపోతే నేనే తీసేదాన్ని," అంది ఐనల్. "మీరు తీస్తారా అని చూస్తున్నా."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"నెలకి పాతిక నిమ్మకాయలు. ఇంట్లో ఒక్కనాడు షర్బత్ లేదు. ఒక కాగితం పొయ్యి సెగకి పట్టాను. రాత డచ్చివాళ్లది. తెంగ్కు పేరు మాత్రం చక్కటి అరబీలో రాశారు. పండితుడి పట్టింపు మరి! ఆనాటి నుంచీ మీ కబుర్లు ఆయనకి నేను మోస్తున్నా. ఎక్కడ పడుకుంటానని మీకు చెప్పారో, అక్కడ ఆయన ఒక్కనాడూ పడుకోలేదు."

"తెలిసీ ఇవాళ వచ్చారా?"

"కితాబు ఇస్తానని మాటిచ్చారట."

నమాజు అయ్యాక అందరూ పళ్లేల చుట్టూ చేరారు. పనసకాయ వేసిన మేక మాంసం కూరలోంచి మంచి ముక్క తీసి తెంగ్కు శిష్యుడి అన్నంలో పెట్టాడు. వదూద్ ఆ ముక్క ముట్టలేదు.

"ఆ కాళ్ల వాపు ఆయన..." అంటూ మొదలుపెట్టాడు.

"తెలుసు," అన్నాడు తెంగ్కు. "వాడు నా తమ్ముడు. ముందు తిను."

ఐనల్ కూర గిన్నె దించి, అందరికీ వినబడేలా చెప్పింది. "హాజీ గారు భోజనం కాగానే వెళ్లిపోతున్నారు. మళ్ళీ రారు."

వదూద్ ఒప్పుకోలుగా తల ఊపాడు. అచేలో ఇల్లు భార్యది, భర్త అతిథి మాత్రమే అని రిపోర్ట్ మొదటి పేజీలో రాసింది అతనే. ఆమె ఇంట్లో వల పన్నిన ఆఫీసులో ఆ పేజీ ఎవరూ చదివినట్టు లేదు.