రెండోసారి లెక్క

వడ్రంగి చేత రెండోసారి లెక్క పెట్టించానని ఆమె రాసింది పచ్చి అబద్ధం. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, అద్దంతో కూడా.

ఊరంతా దగ్గుతున్న రోజులవి. ఆరోగ్య బీమా కాగితం చూపిస్తే తప్ప ఆస్పత్రి గేటు తెరవడం లేదు. ఆ కాగితం అడిగినవాళ్లకి బీమా ఆఫీసు నుంచి ఆమె ఫోన్ చేసి, ఒక్క ఊపిరిలో ముప్పై దాకా లెక్కపెట్టమనేది. అందకపోతే ఇంకో అవకాశం ఇవ్వాలి. అదీ తప్పితే ఇంటిల్లిపాదికీ పాలసీ లేదు. ఎంతమందిని కోసేసిందో ఏమో, ఆఫీసులో ఆమె పేరే ‘కత్తెర’ అయిపోయింది.

వడ్రంగి పంతొమ్మిది దగ్గర ఆగిపోయాడు.

"రంపప్పొట్టు మింగిన గొంతమ్మా ఇది. ఇంకొక్కసారి చెప్పనా? నాకోసం కాదు, ఇంట్లో పాప ఉంది."

టీ చల్లారిపోతోంది. ‘రెండుసార్లూ ఫెయిల్’ అని నొక్కేసింది.

పన్నెండో రోజు అతని భార్య అర్జీ వచ్చింది: "మా ఆయన గేటు దగ్గరే పోయారు. నాకూ పాపకూ అయినా ఇప్పించండి."

"రికార్డింగ్ ఓసారి విని మూసేయ్ కత్తెరా," అన్నాడు టీమ్ లీడర్. "తప్పు నాదేనని నువ్వు రాసిస్తేనే ఆ ఫైలు తెరుచుకునేది. రాస్తావా ఏంటి కొంపదీసి?" నవ్వుకుంటూ భోజనానికి వెళ్లిపోయాడు. అతని వెనకే అందరూ వెళ్లారు.

ఏసీ రొద. శానిటైజర్ వాసన. ఆ వాసన కిందనుంచి, ఎక్కడిదో, అప్పుడే చిత్రిక పట్టిన చెక్క వాసన.

హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అది నాలుగు నిమిషాల కాల్. తెర మీద మాత్రం నిడివి పన్నెండు రోజులని ఉంది. సెకన్లు ఇంకా పెరుగుతున్నాయి...

"...పదిలక్షల ముప్పై ఆరువేల..."

అతనే. మధ్యలో ఊపిరి తీసుకుంటాడేమోనని చెవి రిక్కించింది. తీసుకోలేదు. అంకెకీ అంకెకీ నడుమ సందే లేదు... ఇప్పుడైతే పాసే.

"చాలు... ఆపండి..." గొణిగింది.

ఆగింది.

తర్వాత ఒక చిన్న గొంతు. ఆడపిల్లది.

"ఒకటి... రెండు... మూడు..."

దగ్గు.

ఆ వెంటనే అతను, లాలనగా: "నెమ్మదిగా, బంగారం... ఊపిరి తీసుకోకు."

ఆమె హెడ్‌ఫోన్ లాగి పారేసింది. లెక్క ఆగలేదు. గదిలోనే వినబడుతోంది.

ఉద్యోగం పోతే పోనీ. అర్జీ కింద ఉన్న నంబరు చూసింది. ఆ తల్లికి ఫోన్ చెయ్యాలి. తప్పు నాదేనని చెప్పాలి... అంతకంటే ముందు, పాప ఊపిరి తీసుకుంటోందా అని అడగాలి.