జత కొంటేనే లాభమట!

ఆదివారం పొద్దున్నే తన గేటుకు అడ్డంగా ఎర్ర స్కూటరు నిలబడి ఉండడం చూసేసరికి జనార్ధన్‌కు తిక్క రేగింది.

"ఎవనిది గీ బండి? ఇది ఇల్లనుకున్నరా, బస్టాండనుకున్నరా?"

మేడ మెట్ల మీంచి ఒక మనిషి గబగబా దిగాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన క్రాపు, పైగా మెడలో టై.

"సారీ అండీ, నాదే. నా పేరు జోగారావు. దిల్‌సుఖ్‌నగర్‌లో వాషింగ్ మెషీన్ల షోరూమ్." జేబులోంచి కార్డు తీసి చేతిలో పెట్టి, స్కూటరు పక్కకు జరిపి, మళ్ళీ మెట్లెక్కిపోయాడు.

ఎక్కితే ఎక్కాడు, పైనుంచి నవ్వు వినబడింది. సూర్యప్రభ నవ్వు. జనార్ధన్ కార్డును నాలుగు మడతలు పెట్టాడు. అప్పటికీ కసి తీరక ముక్కలు చేశాడు.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. ఎల్బీనగర్‌లో నిన్నటి జొన్నచేలన్నీ తెల్లారేసరికి కాలనీలైపోతున్న రోజులు. జనార్ధన్ నాయిన చేనును ప్లాట్లు చేసి అమ్మి, ఒక ముక్క మిగుల్చుకుని ఈ ఇల్లు కట్టాడు. ఇప్పుడు కింద జనార్ధన్, తల్లీ ఇద్దరే ఉంటారు. పై పోర్షన్‌లో కిరాయికి విశ్వేశ్వరరావుగారి కుటుంబం. వాళ్ళది కైకలూరు దగ్గర పల్లె. ఆయన ఒక గవర్నమెంటు ఆఫీసులో హెడ్ క్లర్కు. ఒక్కతే కూతురు, సూర్యప్రభ, మలక్‌పేటలో జూనియర్ లెక్చరర్.

జనార్ధన్‌కు మెయిన్ రోడ్డు మీద సిమెంటు దుకాణం ఉంది. ఊరంతా ఇళ్ళు కడుతుంటే ఊపిరి సలపని బేరం. అయినా పొద్దున ఆరయ్యేసరికి మాత్రం డాబా మీద ఉంటాడు. ట్యాంకు నిండిందో లేదో చూడాలి కదా! ఇరవై నిమిషాల్లో నిండే ట్యాంకును గంటసేపు చూస్తాడు. సరిగ్గా ఆ గంటలోనే సూర్యప్రభ తడిబట్టల బకెట్టు తెచ్చుకుని దండెం మీద ఆరేస్తుంది. అంతకుమించి వాళ్ళ మధ్య ఏమీ లేదు. ఉందా అని అడిగే ధైర్యం రెండేళ్ళుగా మనవాడికి లేదు.

మర్నాడు పొద్దున ఆమే మాట కలిపింది.

"జనార్ధన్‌గారూ, మీరు వ్యాపారం చేసేవారు కదా, ఒక సలహా చెప్పండి. వాషర్ ఒక్కటే తీసుకోమంటారా, డ్రయ్యర్ కూడానా?"

"గా డ్రయ్యర్ ఏం జేస్తది?"

"బట్టల్ని గిరగిరా తిప్పి నీళ్ళన్నీ లాగేస్తుందట. జతగా కొంటేనే లాభమంటున్నారు జోగారావుగారు."

"అంటడు. అమ్మేటోడు గాక ఇంకెవడంటడు?"

"లేదండీ, పాపం చాలా ఓపిగ్గా చెబుతారు. ఎన్నిసార్లు అడిగినా నవ్వుతూనే చెబుతారు."

"పండ్లు మంచిగున్నట్టున్నయి."

సూర్యప్రభ చీర అంచు దులుపుతూ పెదవి బిగించింది. "మీరు సిమెంటు అమ్మేటప్పుడు నవ్వరా?"

"నవ్వితే గట్టిపడుతదా?"

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. జనార్ధన్ మాత్రం నవ్వలేదు. జోగారావు చెప్పిన దానికి ఎంత నవ్విందో, తన మాటకు అంతకన్నా ఎక్కువ నవ్విందా తక్కువ నవ్విందా అని లెక్క చూసుకుంటున్నాడు. అసూయ అంటే అదే మరి, మనిషిని పిచ్చోణ్ణి చేసి ఆడిస్తుంది.

"వాషర్ ఎలాగూ కావాలండీ," అందామె. "అమ్మకు నడుంనొప్పి, వంగలేదు. ఇవన్నీ ఉతుక్కుని నేను ఎనిమిదింటి బస్సు అందుకోవాలి. డ్రయ్యర్ సంగతే తేలడం లేదు. వచ్చే ఆదివారం రెండూ తెచ్చి డెమో చూపిస్తారట."

"మళ్ల ఒస్తడా?"

"వస్తే మీకేం?"

"నాకేంది? గేటు ముందల బండి పెట్టొద్దని చెప్పుండ్రి, గంతే."

ఆ వారంలో జోగారావు మరో రెండుసార్లు వచ్చాడు. ఒకసారి మెషీన్ పెట్టే చోటు కొలవడానికి, ఒకసారి ప్లగ్ పాయింట్ చూడడానికి. పై బాత్రూమ్‌లో మెషీన్ పట్టదు కనక కింద పెరట్లో, బోరు పక్కన షెడ్డులో పెట్టుకోమని జనార్ధన్ తల్లి అనంతమ్మ పెద్ద మనసు చేసుకుని ఒప్పుకుంది. జనార్ధన్‌కు దుకాణంలో చేయి ఆడలేదు. పది బస్తాలు అడిగినవాడికి ఐదు వేయించి తిట్లు తిన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. ట్రాలీ ఆటోలో రెండు మెషీన్లూ దిగాయి. బోరు మోటరు ఆన్ చేసి, పైపు పెట్టి, టబ్బు నింపి, సర్ఫు వేసి, జోగారావు మీట తిప్పాడు. లోపల బట్టలు సుడులు తిరిగాయి. సూర్యప్రభ చిన్నపిల్లలా వంగి చూసింది. పక్కనే జోగారావు కూడా వంగి చూపించాడు. ఇద్దరి తలకాయల మధ్య జానెడు దూరం ఉందేమో. కిటికీలోంచి చూస్తున్న జనార్ధన్‌కు ఆ జానెడు బెత్తెడు లాగా కనబడింది.

అంతలో విశ్వేశ్వరరావుగారు అడిగారు. "ఏ ఊరు బాబూ మీది?"

"కైకలూరు దగ్గరేనండి."

"ఓరినీ, మా వైపే! నాన్నగారేం చేస్తారు? తోబుట్టువులెందరు? పెళ్ళయిందా?"

"ఇంకా లేదండి."

"అలాగా! ఇంటిపేరేమిటి బాబూ?"

జనార్ధన్ ఇక నిలబడలేకపోయాడు. అతని పుట్టుపూర్వోత్తరాలన్నీ అడుగుతున్నారంటే ఏమిటి అర్థం? జనార్ధన్ వాళ్ళ ఊళ్ళో అందరికీ అందరి ఇళ్ళూ తాతల కాలం నుంచి తెలుసు. ఒక పిల్లగాణ్ణి కూచోబెట్టి ఇన్ని ప్రశ్నలడిగేది ఒక్క సంబంధం కలుపుకునేటప్పుడే. ఊరు విడిచి వచ్చిన కోస్తావాళ్ళు తమ వైపు మనిషి కనబడితే చాలు, కూరగాయల బండివాణ్ణయినా ఇలాగే ఇంటిపేరు దాకా తవ్వుతారని పాపం అతనికెవరూ చెప్పలేదు.

జవాబు వినకుండానే పక్క గదిలోకి పోయాడు. బోరు మోటరు స్విచ్చు అక్కడే ఉంది. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

పెరట్లో ఉతకడం అయి, జాడించడానికి నీళ్ళు పడుతున్న పైపు గుర్రుగుర్రుమని ఆగిపోయింది. బట్టల నిండా సబ్బు నురగ. "కరెంటు పోయినట్టుందమ్మా," అన్నారు విశ్వేశ్వరరావుగారు.

రెండు నిమిషాల్లో సూర్యప్రభ గది గుమ్మంలో నిలబడింది.

"కరెంటు పోయిందా జనార్ధన్‌గారూ?"

"ఆ... పోయినట్టుంది."

"మీ నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతోంది."

జనార్ధన్ తల పైకెత్తి చూశాడు. తిరుగుతోంది, బాగానే తిరుగుతోంది.

"జేబులో ఏముంది, చూపించండి."

చూపించాడు. ఆమె ముఖం ఎర్రబడింది. "అద్దెకున్నవాళ్ళమని ఇంత లోకువా? మావాళ్ళ ముందు, ఆయన ముందు నా పరువు తీస్తారా? నాన్నగారు వనస్థలిపురంలో ఇల్లు చూసొచ్చి నెలయింది. నేనే ఏదో ఒకటి చెప్పి ఆపుతున్నాను. ఇక ఆపను. ఒకటో తారీఖున ఖాళీ చేసేస్తాం!"

టైగాడు రాకముందు డాబా మీద ఆ గంటయినా ఉండేది. ఇప్పుడు అదీ పోయేట్టుంది, అదీ తన చేజేతులా.

పరుగెత్తి ఫ్యూజు పెట్టాడు. మోటరు తిరిగింది కానీ గాలి పట్టి చుక్క నీళ్ళు ఎక్కలేదు. రెండు బిందెలు తీసుకుని వెనక ప్లాట్‌లో ఉన్న పాత చేదబావికి పోయాడు. తోడి, మోసుకొచ్చి, టబ్బులో పోశాడు. మళ్ళీ పోయాడు. ఎనిమిది బిందెలయ్యాయి. చొక్కా, లుంగీ నీళ్ళోడుతున్నాయి.

"పరేషాన్ గాకుండ్రి, ఇంకో రెండు దెస్త," అన్నాడు ఎవరివైపూ చూడకుండా.

బట్టలు జాడించడం అయింది. జోగారావు వాటిని డ్రయ్యర్‌లో కుక్కి, "ప్రభా, ఆ మూత గట్టిగా వెయ్యమ్మా," అన్నాడు.

ప్రభా! వారం కింద సూర్యప్రభగారు, ఇవాళ ఉత్త ప్రభ! రెండేళ్ళుగా తాను 'మీరు' దాటి రాలేదు. వీడికి వారమే పట్టింది.

మీట తిప్పగానే డ్రయ్యర్ ధడధడమని ఎగరడం మొదలెట్టింది. బట్టలన్నీ ఒకవైపే పడ్డట్టున్నాయి, మెషీన్ పెరడంతా నడిచి వెళ్ళేట్టుంది. "పట్టుకోండి, పట్టుకోండి!" అని జోగారావు అరిచాడు. జనార్ధన్ పోయి దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. అది ఎగిరినప్పుడల్లా అతని దవడలు టకటకమన్నాయి. అయినా వదల్లేదు.

మెషీన్ ఆగాక అనంతమ్మ వచ్చి ఒక చీర పట్టి చూసింది. "ఇదేంది సారూ, ఇంక తడిగనే ఉన్నది?"

"నీళ్ళు మాత్రమే లాగుతుందమ్మా. ఇక్కడే షెడ్డులో తాడు కట్టి వేస్తే, పావుగంటలో ఆరిపోతాయి. మేడెక్కే పనే లేదు. జతకైతే రేటు కూడా తగ్గించి ఇప్పిస్తాను."

"బాగానే ఉంది కదమ్మా," అన్నారు విశ్వేశ్వరరావుగారు. "రెండూ తీసేసుకుందామా?"

సూర్యప్రభ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "డ్రయ్యర్ వద్దు నాన్నగారూ. వాషర్ ఒక్కటే చాలు."

"అదేంటమ్మా! వానాకాలం..."

"వద్దంటే వద్దు."

జోగారావు, విశ్వేశ్వరరావుగారు కాగితాలు రాసుకోవడానికి మేడెక్కారు. అనంతమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. పెరట్లో జనార్ధన్, సూర్యప్రభ, సగం తడి బట్టల బకెట్టు మిగిలారు.

"తప్పయింది," అన్నాడు జనార్ధన్. "మాఫ్ చెయ్యుండ్రి. గా జోగారావు మంచోడే. పెండ్లి చేసుకుంటే... మంచిగ చూసుకుంటడు."

"ఎవర్ని?"

"ఎవర్నేంది? మిమ్మల్నే! మీ నాయిన ఊరు, పేరు, అన్నీ అడిగిండు గదా?"

సూర్యప్రభ బకెట్టు కింద పెట్టేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో రామా! జవాబు వినలేదా? వాళ్ళదీ మాదీ ఒకటే ఇంటిపేరు. నాన్నగారి దాయాదుల అబ్బాయి. వరసకి నాకు అన్నయ్య! అందుకే గారు మానేసి ప్రభా అంటున్నాడు."

జనార్ధన్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఫ్యూజు, బావి, ఎనిమిది బిందెలు, అన్నీ ఒక అన్నయ్య కోసమన్నమాట!

"మరి డ్రయ్యర్ ఎందుకొద్దన్నరు? జత కొంటేనే లాభమట గదా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. బకెట్టులోని చీర కొంగు తీసి ఊరికే పిండింది.

"బట్టలు ఈ షెడ్డులోనే ఆరిపోతే డాబా మీదికి నేనెందుకు రావాలి? పొద్దున్నే మిమ్మల్ని చూడకుండా బస్సెక్కితే రోజంతా నాకు పాఠం కుదరదు. మీకు నోరు రాదు. నేనెన్నాళ్ళని ఆరేసిన చీరే మళ్ళీ మళ్ళీ ఆరెయ్యను?"

జనార్ధన్‌కు నోరు వచ్చింది. రాగానే మీరు, గారు అన్నీ ఎగిరిపోయాయి.

"ప్రభా, నాకు నువ్వంటే ప్రాణం. ఎవడన్న నీ దగ్గర నిలబడితే నా కండ్లు మండుతయి. నువ్వు ఖాళీ చేసి పోతే నేను గీ ఇంట్ల ఉండలేను."

"ఆ మాట నాతో కాదు, నాన్నగారితో చెప్పండి. ఆయనకు ఇదంతా ఏమీ తెలియదు. ఇందాక కోపంలో నేనే సరేనన్నాను, ఇవాళ సాయంత్రం వనస్థలిపురం ఇంటికి అడ్వాన్సు ఇవ్వడానికి వెళ్తున్నారు."

జనార్ధన్ మెట్లవైపు నడిచాడు.

"ఇప్పుడేనా? ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి! బట్టలు మార్చుకోండి, పెళ్ళి అడగడానికి ఇలా వెళ్తారా ఎవరైనా?"

"ఇవి మార్చుకునే లోపల మీ నాయిన అడ్వాన్స్ ఇచ్చొస్తడు," అంటూ రెండేసి మెట్లు ఎక్కాడు.

వంటింట్లోంచి గ్లాసు ఠపీమని కింద పెట్టిన చప్పుడైంది. అనంతమ్మ కొంగు దోపుకుంటూ బయటికొచ్చింది. "అరే జనార్ధన్, ఆగురా! నీకు ఒక్కమాట సక్కగ రాదు. పిల్లనడిగేది నేను, నువ్వు నా ఎన్కల నిలబడు!"

సూర్యప్రభ తడిబట్టలు బకెట్టులోనే వదిలేసి వాళ్ళిద్దరి వెనకా మెట్లెక్కింది.