పిలిచే మనిషి

హుకుంపేటలో ఫిజిక్సు చెప్పే సాయినాథ్ మాస్టారు దేవుడికి దండం పెట్టేవాడు కాదు గానీ, పొద్దున్నే ధ్యానానికి మాత్రం తప్పకుండా కూర్చునేవాడు. ఇదెక్కడి చోద్యమని ఎవరైనా అడిగితే, "జోలపాటకి నిద్రొస్తుంది. పాటలో దేవుడున్నాడా? ధ్యానంలో వచ్చే ఆనందమూ అంతే, మెదడు చేసే పని," అనేవాడు. ఆ ఆనందంలో ఆయనకు కన్నీళ్లు కారేవి. వాటిని తుడుచుకుంటూ కూడా అదే మాట అనేవాడు.

ఆయన భార్య భానుశ్రీ విజయనగరం పక్క పల్లెలో పుట్టిన పిల్ల. పెళ్లయి ఇన్నేళ్లయినా మొగుడి పేరు పలికి ఎరగదు. "ఏవండీ అంటే వీధిలో పోయేవాడైనా పలుకుతాడే. పేరు పెట్టి పిలువు, నోరేం కాలిపోదు," అని ఆయన ఏడిపించేవాడు. ఆవిడ సిగ్గుపడి వంటింట్లోకి పారిపోయేది.

వాళ్లింటికి అడ్డాకులు తెచ్చే సోములమ్మ తన ఊళ్లో గురుమాయి. పండగలప్పుడు దేవత ఆమె మీదికొచ్చి మాట్లాడుతుంది. మాస్టారికి ఆమె అంటే గౌరవమే. "నీకు జరిగేదీ నాకు జరిగేదీ ఒకటే సోములమ్మా, పేర్లే వేరు," అన్నాడొకరోజు.

"అవుతాది బాబూ. దేవత వచ్చినపుడు నానెల్తే మా మొగుడు సుక్రు నా పేరెట్టి పిలిసి దింపుతాడు. మరి నిన్నెవులు పిలుత్తారు?"

"నేనెక్కడికీ వెళ్లను కదా, చాప మీదే ఉంటాను."

"ఎల్లినోలికి ఎల్లినట్టు తెలీదు బాబూ." సోములమ్మ భానుశ్రీ వైపు తిరిగింది. "నువ్వే పిలవాల తల్లీ. పేరెట్టే పిలవాల. లేపోతే ఇంకెవులో వచ్చి కూకుంటారు."

"పిలుస్తుందిలే. ఆ వంకనైనా నా పేరు వింటాను," అని మాస్టారు నవ్వాడు.

ఆ డిసెంబరులో ఓ ఆదివారం పొగమంచు గుమ్మం దాకా వచ్చి ఆగింది. తెల్లారి చాలాసేపయినా వాకిట్లో చెట్టు కనబడలేదు. కింద గెడ్డలో నీటి చప్పుడు మాత్రం వినిపిస్తోంది. టీ మరిగే వేళకు లేచే మనిషి లేవలేదు. టీ చల్లారింది.

భానుశ్రీ గదిలోకి వెళ్లింది. చాప మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. చెంపల మీద కన్నీళ్లు ఆరిపోయాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది... ఊపిరి ఉంది. చల్లగా ఉంది. తడిమట్టి వాసన వేస్తోంది.

సోములమ్మ మాట గుర్తొచ్చింది. పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పాడు అలవాటు.

"ఏవండీ..."

పలకలేదు.

"ఏవండీ..."

కళ్లు తెరుచుకున్నాయి. "ఊఁ," అన్నాడు.

హమ్మయ్య అనుకుంది. ఏడుపొచ్చింది. టీ వేడిచేసి తెచ్చిచ్చింది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని అందులోకి చూస్తూ ఉండిపోయాడు. తాగలేదు.

"ఇక్కడ వెచ్చగా ఉంది," అన్నాడు. గొంతు ఆయనదే.

తర్వాత లేచి వెళ్లి దేవుడి గూటికి దండం పెట్టాడు. ఆవిడ ఎన్నేళ్లుగానో మొక్కుకున్నదదే. సంతోషించబోయి చేతుల వంక చూసింది. అరచేతులు బయటికున్నాయి. మణికట్లు తిప్పి, చేతుల వెనకవైపులు కలిపాడు.

అప్పుడు పలికింది, జీవితంలో మొదటిసారి.

"సాయినాథ్..."

గూటి ముందున్నవాడు తల తిప్పలేదు.

"ఆఁ... వస్తున్నాను భానూ..." బయటి నుంచి. మంచులోంచి. గెడ్డ అవతల నుంచి. "దారి కనబడట్లేదు... మళ్లీ పిలువు..."

ఆవిడ నోరు తెరిచింది. వెనక నుంచి చల్లటి చెయ్యి వచ్చి ఆ నోరు మూసింది.

"మొగుణ్ని పేరు పెట్టి పిలవకూడదు," అని చెవిలో మెల్లగా వినిపించింది.

మాస్టారు ఇప్పటికీ పాఠాలు చెబుతున్నాడు. బాగా చెబుతున్నాడనే అంటారు పిల్లలు. రోజూ దేవుడికి దండం పెడతాడు. టీ మానేశాడు. భానుశ్రీ ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు, ఎంతమంది డాక్టర్లకు చూపించినా గొంతు పెగల్లేదు.

మంచు దిగిన పొద్దుల్లో మాత్రం ఆవిడ గుమ్మం బయట ఒక గ్లాసు టీ పెట్టి తలుపేస్తుంది. మంచు తేలాక వెళ్లి చూస్తే, గ్లాసు ఖాళీగా ఉంటుంది.