అంచు సీటు

ఉదయం 8:40కి స్కూలు గేటు మూశారు. రాములు ఆటో అప్పటికి గేటు బయటే ఉంది.

లోపల అసెంబ్లీ మొదలైంది. మైకులో ఎవరో అమ్మాయి ప్రతిజ్ఞ చెప్పిస్తోంది. ఆ రోజు చెప్పించాల్సింది మూడో తరగతి దేవిశ్రీ. దేవిశ్రీ ఆటోలో ఉంది.

"రోజూ ఆ అంచు సీటు లొల్లే," అన్నాడు డ్రైవర్ రాములు. "నా తల తింటున్రు."

కొట్లాడేది అయిదో తరగతి నవత, ఆషర్. అంచు సీటుకు గాలి తగులుతుంది. ముందు రోజు రాములు విసిగిపోయి, "జెర కాంప్రమైజ్ అవుర్రి" అన్నాడు. ఇద్దరూ అయ్యారు. చిలకలగూడ దాకా ఆషర్, అక్కడి నుంచి నవత.

ఈ ఉదయం చిలకలగూడలో ఆటో ఆపించారు. దిగారు. బ్యాగులు మార్చుకున్నారు. ఆషర్ నీళ్ల బాటిల్ రోడ్డు మీదికి దొర్లింది. దాన్ని తెచ్చేసరికి సిగ్నల్ పడింది.

"కాంప్రమైజే కదా అంకుల్ చేసినం! సగం నాకు, సగం వీనికి," అంది నవత.

"మీ ఇద్దరికి మంచిగనే ఉంది. మిగిలినోళ్లను అడిగిన్రా?"

నవత వెనక్కి చూసింది.

"వారం నుంచి నానమ్మతోని ప్రాక్టీస్ చేసిన అక్కా," అంది దేవిశ్రీ.

గేటు తీశాక మేబెల్ టీచర్ దేవిశ్రీతో, "రేపు చెప్పించు. బెల్ కొట్టేలోపల వస్తేనే," అంది.

సాయంత్రం ఆటోలో నవత, "పొద్దున ఒకళ్లు, సాయంత్రం ఒకళ్లు," అంది.

"అయితే పొద్దున నాకు," అన్నాడు ఆషర్.

"నీకెందుకు? సాయంత్రం అటు దిక్కు ఎండ. పొద్దున నాకే!"

"మళ్లీ షురూ!" రాములు నెత్తి కొట్టుకున్నాడు.

దేవిశ్రీ ఇద్దరినీ చూస్తోంది. నవత ఆషర్ వైపు తిరిగింది.

"సరే, పొద్దున నువ్వే కూర్చో. దేవిశ్రీ, నీకు ఓకేనా?"

"మధ్యల ఆటో ఆపరు కదా?"

"ఆపం."

మర్నాడు ఆటో చిలకలగూడలో ఆగలేదు. స్కూలు గేటు తెరిచే ఉంది. దేవిశ్రీ ప్రతిజ్ఞ మొదలుపెట్టగానే మైకు ఆగిపోయింది. బాగయ్యాక మళ్లీ మొదటి నుంచి చెప్పించింది.

సాయంత్రం అంచు సీటు మీద ఎండ పడింది. నవత బ్యాగు తల మీద పెట్టుకుని, ఇల్లు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.